పరభాషకు అమీర్‌పేట ఒక్కటే తొవ్వ కాదు

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో నర్సింగు చదివిన పిల్ల జర్మనీ పోవాలనుందని ఇంట్లో చెప్పినా, ఐటీఐ చేసిన పిల్లగాడు జపాన్‌లో పని దొరుకుతుందట అని కదిలించినా వినిపించే జవాబు ఒకటే: "హైదరాబాద్‌ల రూము తీసుకోవాలె, అమీర్‌పేటల కోర్సుకు చేరాలె." అక్కడినుంచి లెక్కలు మొదలవుతాయి. కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు, రానుపోను చార్జీలు. లెక్క కుదిరితే అప్పు, కుదరకపోతే ఆ ఆశ అంతటితో సరి. మన ఊరి లైబ్రరీ ఉంది కదా అని ఎవరన్నా అంటే వింతగా చూస్తారు. అక్కడ పేపర్లూ పాత నవలలూ తప్ప ఏముంటాయని అడుగుతారు.

ఈ అభిప్రాయం మన మూడు జిల్లాల్లో బాగా పాతుకుపోయింది. బడి పంతుళ్ళు ఇదే చెబుతారు, పట్నంలో ఉద్యోగం చేసే మేనమామలు ఇదే చెబుతారు, గ్రంథాలయాలకు డబ్బు కేటాయించేవాళ్ళు కూడా లోలోపల ఇదే నమ్ముతారు. అందులో మూడు మాటలు కలగలిసి ఉన్నాయి. భాష గురువు నోటినుంచే రావాలి, గురువు దొరికేది ఫీజుకే అన్నది మొదటిది. లైబ్రరీ ఉద్యోగ పరీక్షలకు కూర్చునే చోటు, పరభాషతో దానికి పనిలేదన్నది రెండోది. ఫోన్ చేతికొచ్చాక ఇక లైబ్రరీయే అక్కర్లేదన్నది మూడోది. మూడూ తప్పే. మొదటిది పేదింటి పిల్లల దారి మూసేస్తోంది కాబట్టి దాని సంగతే ముందు తేల్చాలి.

భాష రావడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్క కట్టినవాళ్ళున్నారు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పించే సంస్థ ఒకటి నడుపుతోంది. ఎన్నో ఏళ్ళ అనుభవం మీద ఆ సంస్థ వేసిన అంచనా ఇది: ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న మనిషి ఫ్రెంచిలోనో స్పానిష్‌లోనో ఉద్యోగానికి సరిపడా నిలదొక్కుకోవాలంటే తరగతి గదిలోనే 600 నుంచి 750 గంటలు కావాలి. జపనీస్‌కైనా అరబ్బీకైనా 2,200 గంటలు. అదీ జీతమిస్తూ, చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టి నేర్పినప్పుడు. తరగతి అయ్యాక సొంతంగా చదువుకునే గంటలు దీనికి అదనం.

ఇప్పుడు మూడు నెలల కోర్సు ఒకటి తీసుకుందాం. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు అనుకున్నా అంతా కలిపి వంద గంటలు దాటదు. మిగతా గంటలు ఎక్కడినుంచి రావాలి? ఫీజు కట్టినవాళ్ళకైనా, కట్టలేనివాళ్ళకైనా ఆ గంటలు ఒక చోట కుదురుగా కూర్చుని చదివితే, వింటే, రాస్తేనే వస్తాయి. కూర్చునే చోటు, చేతికందే పుస్తకం, ఎవరూ పనికి పిలవని సమయం ఉంటే భాషలో పెద్ద పాలు పనైపోతుంది. మన కుటుంబాలు అప్పు తెస్తున్నది చిన్న పాలు కోసం. పెద్ద పాలు గురించి కోర్సు అమ్మేవాళ్ళు చెప్పరు. చెబితే మూడు నెలల్లో అనర్గళంగా మాట్లాడిస్తామన్న బోర్డు దింపేయాల్సి వస్తుంది.

పుస్తకాలు ఇస్తే చాలా ఏమిటి, అని అడుగుతారు. పల్లెటూరి బళ్ళలో దాన్ని పరీక్షించి చూసిన సందర్భం ఉంది. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్ళనూ ఓడలెక్కించి తీసుకుపోయిన ఫిజీ దీవుల్లో, 1980ల తొలి ఏళ్ళలో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ పని చేశారు. వాళ్ళు ఎంచుకున్నది నాలుగు, ఐదు తరగతుల పిల్లలను. ఇంగ్లీషు వాళ్ళ ఇంటిభాష కాదు. పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం చూడటమే అరుదు. ఒక్కో తరగతికి 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చారు, బొమ్మలున్నవి, చదవాలనిపించేవి. కొన్ని తరగతుల్లో టీచరు పిల్లలతో కలిసి చదివి మాట్లాడించారు. ఇంకొన్ని తరగతుల్లో టీచరు చేసిందల్లా పుస్తకాలు కళ్ళ ముందు పెట్టి, రోజూ 20, 30 నిమిషాలు ఎవరి పుస్తకం వాళ్ళను నిశ్శబ్దంగా చదువుకోనివ్వడమే. 8 నెలలు గడిచాక చూస్తే రెండు రకాల తరగతుల పిల్లలూ చదివి అర్థం చేసుకోవడంలో మామూలు వేగానికి రెండింతలు ముందుకు పోయారు. ఇంకో ఏడాదికి ఆ లాభం రాతలోకీ వ్యాకరణంలోకీ పాకింది. ఈ ఫలితాలు 1983లో అచ్చయ్యాయి, భాషాబోధన చదివినవాళ్ళకు బాగా తెలిసినవే. 250 పుస్తకాలంటే వనపర్తి లైబ్రరీలో ఒకటి రెండు అరలు. పల్లెబడి పిల్లల ఇంగ్లీషును మార్చడానికి కావలసింది అంత. మన దగ్గర ఇరవై ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు పెరిగాయిగాని ఆ రెండు అరలు ఎవరూ నింపలేదు.

పరభాషలు మన నేలకు కొత్తవన్నట్టు మాట్లాడటం ఇంకో అన్యాయం. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు నేర్చినవారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టి, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన మనిషి. హైదరాబాద్ రెడ్డి హాస్టల్ బాధ్యత చేతిలో ఉన్నప్పుడు ఆయన అక్కడి గ్రంథాలయాన్ని పట్టుబట్టి పెంచారు. కల్వకుర్తి ప్రాంతంలో పుట్టిన బూర్గుల రామకృష్ణారావు హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగానే చాలామందికి తెలుసు. పారశీక సాహిత్య చరిత్రను తెలుగులో రాసిన మనిషి కూడా ఆయనే. అదే ప్రాంతంలోని తలకొండపల్లికి చెందిన మందుముల నరసింగరావు ఉర్దూలో రయ్యత్ పత్రిక నడిపారు. నాగర్‌కర్నూల్‌లో ఉండి పాలమూరు ఊళ్ళ చరిత్రలన్నీ తవ్వితీసిన కపిలవాయి లింగమూర్తి తరం పిల్లలకు బడి చదువే ఉర్దూలో సాగేది. లెక్కలూ చరిత్రా అన్నీ ఇంట్లో మాట్లాడని భాషలోనే నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. సురవరం, బూర్గుల, మందుముల కలిగిన కుటుంబాల వాళ్ళు. ఇంటికొచ్చి చెప్పే పండితులూ మౌల్వీలూ, పట్నం పోయి చదవడానికి ఆస్తులూ వాళ్ళకున్నాయి. గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను పోషించాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పండితుల ముందు కూర్చుని వినగలిగిన పిల్లలు ఎవరు? వడ్లు దంచే ఇంటి పిల్ల కాదు, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని జరీ అంచు నేసే ఇంటి పిల్లగాడు కాదు. ఆ రోజుల్లో విద్య కోట గోడల లోపల ఉండేది. మరి ఇప్పుడు ఫీజు గోడ అవతల ఉంది. ఈ రెంటికీ మధ్య ఒక చిన్న కాలంలో మాత్రం కొందరు గోడలు తీసేయాలని పూనుకున్నారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కోస్తా వైపు ఊరూరికీ గ్రంథాలయం కావాలని తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య లాంటి వాళ్ళు అడిగింది ఇదే: ఇంటికి పండితుణ్ణి పిలిపించుకోలేని మనిషికి పుస్తకం అందాలని. నిజాం రాజ్యంలో గ్రంథాలయం పెట్టడాన్నే అనుమానంతో చూసిన రోజులవి. అయినా పెట్టారు. అభ్యంతరం నిజమైనది కాబట్టే నేను లైబ్రరీ పక్షాన మాట్లాడుతున్నాను. కలిగినవాళ్ళకు లైబ్రరీ లేకున్నా నడుస్తుంది.

డబ్బుతో పనిలేకుండా పరభాష నేర్చినవాళ్ళు మన మధ్య వేల సంఖ్యలో ఉన్నారు, వాళ్ళను మనం లెక్కలోకి తీసుకోం. డ్యాములూ కాలువలూ తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబర్ కథ అందరికీ తెలుసు. బొంబాయి, పుణె పోయి ఏళ్ళ తరబడి మట్టి మోసిన ఆడవాళ్ళు మరాఠీలో కూలి బేరమాడతారు, హిందీలో మేస్త్రీని నిలదీస్తారు. గద్వాల సంతలో బేరం చేసే మనిషికి రాయచూరు వైపు కన్నడం అలవోకగా వస్తుంది. మక్తల్, ధరూరు దిక్కు సరిహద్దు ఊళ్ళలో పిల్లలు రెండు మూడు భాషలు వింటూనే పెరుగుతారు. వీళ్ళలో ఏ ఒక్కరూ భాష కోసం ఫీజు కట్టలేదు. పని చేసుకుంటూ, రోజంతా వింటూ నేర్చుకున్నారు. కాని వీళ్ళకు దక్కనిది చదువు. మరాఠీలో గలగలా మాట్లాడే తల్లి మరాఠీలో రాసిన కూలి ఒప్పందం చదవలేదు. గల్ఫ్‌లో ఏళ్ళు గడిపిన మనిషి షేక్ మాట అర్థం చేసుకుంటాడు, తన చేత వేలిముద్ర వేయించుకున్న అరబ్బీ కాగితంలో ఏముందో తెలియదు. మాట్లాడే భాష పని నేర్పింది. చదివే భాష నేర్పడానికి వాళ్ళు తిరిగొచ్చిన ఊళ్ళో ఉండగలిగిన ఒకే ఒక్క ఉచిత చోటు గ్రంథాలయం. మన ఊళ్ళలో ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళకైతే అరబ్బీ అక్షరాలు ముందే తెలుసు. లైబ్రరీ బల్లమీద తెలుగు పేపర్ల పక్కన సియాసత్ లాంటి ఉర్దూ పేపరూ ఒకటి ఉంటే, ఆ అక్షరాలు నేర్చుకోవాలనుకునే తెలుగు పిల్లలకు నేర్పగల పెద్దమనిషి అదే బల్ల దగ్గర కూర్చుంటాడు.

రెండో మాటకొద్దాం. లైబ్రరీ ఉద్యోగాల కోసం చదివేవాళ్ళ చోటు అంటారు. నిజమే, ఇవాళ జిల్లా గ్రంథాలయాల్లో కుర్చీలు నిండేది వాళ్ళతోనే. 2022 మార్చి 8న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వనపర్తి సభలోనే నిరుద్యోగులను మరునాడు పొద్దున 10 గంటలకు టీవీ చూడమన్నారు. మరునాడు శాసనసభలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామన్నారు. అప్పటినుంచి లైబ్రరీల్లో చోటు దొరకడం కష్టమైంది. ఇంటినుంచి తెచ్చుకున్న గైడ్లతో, సద్దిడబ్బాతో పొద్దుగూకేదాకా కూర్చునే ఆ పిల్లలంటే నాకు గౌరవం. వాళ్ళను లేపి భాష నేర్చుకునేవాళ్ళను కూర్చోబెట్టమని నేననడం లేదు. ఆ పిల్లలకే భాష కావాలంటున్నాను. గ్రూప్ 1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీషు పేపరు ఉంది. పదో తరగతి స్థాయిదే, మార్కులు ర్యాంకుకు కలవవు, కాని అందులో పాసు కాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కకు రావు. తెలుగు మీడియంలో చదివిన మన జిల్లాల పిల్లలకు ఆ పేపరంటే దడ. ఆ దడ పోగొట్టుకోవడానికి మళ్ళీ అమీర్‌పేటే పోతున్నారు. వాళ్ళు కూర్చున్న హాల్లోనే, పది అడుగుల దూరంలో బల్లమీద ఇంగ్లీషు దినపత్రిక పడి ఉంటుంది. దాన్ని ఎలా వాడుకోవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది సాయంత్రానికి మడత నలగకుండా అలాగే ఉంటుంది.

ఎలా వాడుకోవాలో చెబుతాను, ఇది కొంచెం నిదానంగా చెప్పాల్సిన విషయం. వానాకాలంలో కృష్ణకు ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ నిండితే వరద జూరాలకు వస్తుంది. గద్వాలకూ వనపర్తికీ మధ్య ఉన్న ఆ ప్రాజెక్టు గేట్లు ఎన్ని ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయి, ఎన్ని వదులుతున్నారు, శ్రీశైలానికి ఎంత చేరుతోంది అన్న వార్త వారాల తరబడి రోజూ వస్తుంది. పొద్దున లైబ్రరీకి పోయి ముందు ఆ వార్త తెలుగు పేపర్లో చదవాలి. విషయం పూర్తిగా తలకెక్కాక అదే రోజు ఇంగ్లీషు పేపర్లో అదే వార్త చదవాలి. ఏం జరిగిందో ముందే తెలుసు కాబట్టి తెలియని మాట ఎదురైనా దాని అర్థం చుట్టుపక్కల మాటలనుంచి తేలుతుంది. మరునాడు మళ్ళీ అవే మాటలు. నీరు పెరగడం, తగ్గడం, గేట్లు ఎత్తడం, దించడం, లోతట్టు ఊళ్ళను అప్రమత్తం చేయడం. అంకెలు మారతాయి, వాక్యాలు దాదాపు అవే. మూడు వారాలు పోయేసరికి ఆ పదీ ఇరవై క్రియలు బట్టీ పట్టకుండానే నోటికొస్తాయి. ఆ తర్వాత శాసనసభ సమావేశాలొస్తాయి, ఇంకో జట్టు మాటలు. పత్తి ధరలొస్తాయి, మరో జట్టు. ఒకే విషయం గురించి పదే పదే చదివితే భాష తొందరగా పట్టుబడుతుందని స్టీఫెన్ క్రాషెన్ అనే భాషాశాస్త్రవేత్త 1980ల నుంచీ చెబుతున్నాడు. ఇంట్లో ఈ పద్ధతి నడవదు. రెండు భాషల పేపర్లు రోజూ కొనే ఇల్లు మన ఊళ్ళలో ఎన్ని ఉంటాయి? పక్కపక్కన పరిచి, పైసా అడగకుండా రోజూ పెట్టేది లైబ్రరీ ఒక్కటే.

ఫోన్ ఉంది కదా అన్న మాటకు జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే దాంట్లో సగం నిజముంది. జర్మన్ ప్రభుత్వ డబ్బుతో నడిచే డాయిచె వెల్లె సంస్థ నికోస్ వేక్ అనే వీడియో పాఠాలను మొదటి మెట్టు నుంచి మధ్యస్థాయి దాకా ఉచితంగా ఇస్తోంది. జపాన్ ఫౌండేషన్ ఇరొదొరి అనే పాఠ్యపుస్తకాలను, వినే పాఠాలతో సహా ఎవరైనా దించుకునేలా పెట్టింది. జపాన్‌లో పనికి పోయేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే వాటిని తయారుచేశారు. ఫ్రెంచి వాళ్ళ ఆర్‌ఎఫ్ఐ రేడియో సులభమైన ఫ్రెంచిలో వార్తలు చదువుతుంది. ఇవన్నీ ఆయా దేశాల ప్రజలు కట్టిన పన్నులతో నడుస్తున్నవి. అంటే భాష ఉచితంగా నేర్పవచ్చునని ఆ దేశాలే ఒప్పుకున్నాయి. మరి ఇవి ఉండగా కూడా నాగర్‌కర్నూల్ పిల్ల ఎందుకు జర్మనో జపనీసో నేర్చుకోలేకపోతోంది? ఇంట్లో ఫోన్ అన్న చేతిలో ఉంటుంది గనుక. తనకు దొరికే గంట రాత్రి వంటయ్యాక గనుక. ఒక గదిలో ఐదుగురుంటే పరభాష పలికి చూసుకోవడానికి సిగ్గు గనుక. దించుకున్న పుస్తకాన్ని చిన్న తెరమీద వందల పేజీలు చదవడం కళ్ళకు శిక్ష గనుక. ఇదే ఇరొదొరిని ఒక లైబ్రరీ అచ్చు తీసి, అట్ట వేసి అరలో పెడితే, రెండు కంప్యూటర్లకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే, ఆడపిల్లలకు వేరే బల్లా, మూత్రశాలా, బస్సు దొరికే వేళకు మూసే సమయమూ ఉంటే ఆ పిల్లకు దారి తెరుచుకుంటుంది. ఇంటర్నెట్‌లో పాఠముంది. పాఠం ముందు కుదురుగా కూర్చునే హక్కు ఆ పిల్లకు లైబ్రరీలోనే దొరుకుతుంది.

జపనీస్ గురించి ఒక మాట, మన పిల్లలకు దీన్ని ఎవరూ చెప్పడం లేదు. పైన చెప్పిన 2,200 గంటల లెక్క ఇంగ్లీషువాడిది. ఇంగ్లీషువాడికి జపనీస్ వాక్యం తలకిందులుగా కనబడుతుంది. కర్త ముందు, కర్మ మధ్యన, క్రియ చివర. విభక్తి నామవాచకం వెనకాల అతుక్కుంటుంది. క్రియకు ప్రత్యయాల మీద ప్రత్యయాలు చేరి భావం మారుతుంది. పెద్దలతో ఒకలా, తోటివాళ్ళతో ఒకలా క్రియ రూపం మార్చాలి. ఇందులో తెలుగువాడికి కొత్త ఏముంది? మనం పుట్టినప్పటినుంచీ ఇలాగే మాట్లాడుతున్నాం. కాంజీ అక్షరాలు నేర్వడం కష్టం, అది ఎవరికైనా కష్టమే. వాక్యం కట్టడం మాత్రం మనకు సగం తెలిసిన విద్య. కాని కోర్సుల్లో జపనీస్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్పుతారు. ఇంగ్లీషే సరిగా రాని పిల్ల రెండు పరాయి భాషలు ఒకేసారి మోయాల్సి వస్తుంది. తెలుగులో వివరించిన ఒక చిన్న జపనీస్ వ్యాకరణ పుస్తకం జిల్లాకు పది ప్రతులు ఉంటే, ఆ బరువులో సగం దిగిపోతుంది.

ఫీజు ఎక్కడా అవసరం లేదని నేనంటే అది అబద్ధమవుతుంది. ఉచ్చారణ సరిదిద్దడానికి ఆ భాష బాగా వచ్చిన చెవి కావాలి. సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాల్సిందే. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందాలంటే మధ్యస్థాయిలో పై మెట్టు, అంటే బి2 స్థాయి కావాలి. ఆసుపత్రిలో రోగి చెప్పిన నొప్పిని తప్పుగా వినడం ప్రాణం మీదకు వచ్చే పని కాబట్టి అక్కడ నిపుణుల దగ్గర మాట్లాడటం సాధన చేయాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీకీ జపాన్‌కూ పంపే అభ్యర్థులకు భాషా శిక్షణ ఏర్పాటు చేస్తోంది, అర్హులు ఏజెంట్ల కన్నా ముందు దాన్నే అడగాలి. నా వాదన ఫీజు ఎప్పుడు కట్టాలన్నది. జర్మన్ భాషా పరీక్షలు నడిపే గోథె సంస్థ మొదటి మెట్టు (ఎ1) పరీక్షకు ఇచ్చే పదాల జాబితా సుమారు 650 మాటలు. ఆ జాబితా ఉచితం. ఆ 650 మాటలు ఒంటబట్టించుకోవడానికి ఊరొదిలి, గది అద్దెకు తీసుకుని, నెలల తరబడి ఫీజు కట్టడం వృథా. అది ఊళ్ళో లైబ్రరీలో ముగించుకుని, మాట్లాడే సాధన కోసం చివరి నెలల్లో పట్నం పోతే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆ భాష తనకు పడుతుందా లేదా అన్నది కూడా అప్పు చేయకముందే తెలుస్తుంది. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడ్డ వరస. ముందు అప్పు, తర్వాత అక్షరాలు.

ఇంతదాకా వచ్చాక గద్వాలలో ఎవరైనా అడుగుతారు: మీరు చెప్పే పుస్తకాలు మా లైబ్రరీలో ఎక్కడున్నాయి? లేవు. చాలాచోట్ల లేవు. పోటీ పరీక్షల గైడ్లు, పాత నవలలు, ఎవరో ఇచ్చిన లావుపాటి ఇంగ్లీషు క్లాసిక్కులు ఉన్నాయి. ఆ క్లాసిక్కులు భాష నేర్చుకునేవాడికి పనికిరావు. పేజీలో నూటికి 98 మాటలు తెలిసినవైతేనే మనిషి సాయం లేకుండా హాయిగా చదువుకుపోగలడని పాల్ నేషన్ లాంటి పదసంపద పరిశోధకులు తేల్చారు. డికెన్స్ నవల మొదటి పేజీలోనే మన పిల్ల ఆగిపోతుంది, నాకు ఇంగ్లీషు రాదని తనమీదే నింద వేసుకుంటుంది. కావలసినవి మెట్లు మెట్లుగా రాసిన సులభ కథల పుస్తకాలు. నాలుగు వందల మాటలతో ఒకటి, ఏడు వందలతో ఒకటి, వెయ్యితో ఒకటి. ఆక్స్‌ఫర్డ్, పెంగ్విన్ వాళ్ళు ఇలాంటివి ఏళ్ళుగా వేస్తున్నారు. చెన్నైలోని తూలిక సంస్థ ఒకే పుస్తకంలో తెలుగూ ఇంగ్లీషూ ఉన్న పిల్లల కథలు వేస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, చాలా కథలు ఇంకెన్నో భాషల్లోనూ దొరుకుతాయి. అచ్చు తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థ దగ్గర ఒక ప్రింటరూ కాగితమూ ఉంటే మొదటి అర ఈ నెలలోనే నిండుతుంది.

డబ్బు లేదంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మున్సిపాలిటీ, గ్రామ పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలైన సెస్సు సకాలంలో జమకాకపోవడం రాష్ట్రమంతటా ఉన్న పాత రోగం. సెస్సు మన పన్నులోదే కాబట్టి లైబ్రరీని ఉచితం అనడం కూడా పూర్తిగా నిజం కాదు. గుడిసెకు పన్ను కట్టిన మనిషి కూడా దానికి చెల్లించే ఉన్నాడు. చెల్లించిన సరుకు ఇవ్వమని అడగకుండా అదే సరుకు కోసం అమీర్‌పేటలో రెండోసారి చెల్లిస్తున్నాడు. 2016 అక్టోబర్ 11న పాలమూరును విడదీసి ఈ మూడు జిల్లాలు చేశారు. కొత్త కలెక్టరేట్లు కట్టుకున్నాం, మంచిదే. ప్రతి జిల్లా గ్రంథాలయంలో భాషల కోసం ఒక అర, ఒక బల్ల, రెండు కంప్యూటర్లు పెట్టడానికి అయ్యే ఖర్చు ఆ భవనాల గేటు ఖర్చంత కూడా ఉండదు.

వలస వచ్చినవాళ్ళ విషయంలో ఇతర దేశాల గ్రంథాలయాలు ఏం చేస్తున్నాయో అమెరికాలో పిల్లల దగ్గరకు పోయి వచ్చిన మన తెలుగు తల్లిదండ్రులకు తెలుసు. న్యూయార్క్‌లోని క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీ కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు తరగతులు ఉచితంగా నడుపుతుంది. కెనడాలో టొరంటో లైబ్రరీ ఇంగ్లీషులో మాట్లాడుకునే జట్లను కూర్చోబెడుతుంది. వచ్చినవాళ్ళకు భాష నేర్పడం అక్కడ లైబ్రరీ పని అయినప్పుడు, పోయేవాళ్ళకు భాష నేర్పడం పాలమూరు లైబ్రరీ పని ఎందుకు కాకూడదు? మనది తరతరాలుగా వలసపోయిన నేల. పని కోసం పరాయి భాష మధ్యకు పోవడం ఇక్కడ కొత్త కాదు. ఈసారి చదవడం, రాయడం వచ్చి పోనివ్వండి అంటున్నాను.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వేదిక కడతారు, ప్రసంగాలుంటాయి, వ్యాసరచన పోటీలకు బహుమతులిస్తారు. ఈ ఏడాది ఆ వారంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లైబ్రరీలకు పోయే తల్లిదండ్రులు, విద్యార్థులు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా వేయాలి. మన మున్సిపాలిటీ నుంచి సెస్సు ఎంత రావాలి, ఎంత వచ్చింది? నిరుడు కొన్న పుస్తకాల్లో పరభాష నేర్చుకోవడానికి పనికొచ్చేవి ఎన్ని? ఇంగ్లీషు, జర్మన్, జపనీస్, అరబ్బీ పుస్తకాల అర ఏ తేదీలోగా పెడతారు? జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. తీసుకున్నాక దాన్ని నోటీసు బోర్డు మీద, ఉద్యోగ ప్రకటనల పక్కనే అతికించాలి.